లేజర్ టాకోమీటర్: మోటారుకి సరే, రబ్బరు రోలుకి?

మండపేట చుట్టుపక్కల రైస్‌మిల్లుల్లో మోటార్లు, షాఫ్టులు, బెల్టులు చూసుకోవడం నా పని. ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల లోపే దొరికే లేజర్ టాకోమీటర్ (తిరిగే వేగం కొలిచే మీటరు), అదే డీటీ-2234సీ రకం, కొనొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. ఏం కొలవాలో చెప్పండి, అప్పుడు చెబుతాను.

మోటారైతే కళ్లు మూసుకుని కొనండి. షాఫ్టు మీద మెరిసే టేపు ముక్క అంటించి, జానెడు దూరం నుంచి బటన్ నొక్కితే అంకె వచ్చేస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోళ్ల మోటారుకి లెక్క ప్రకారం నిమిషానికి 1500 చుట్లు (ఆర్‌పీఎం). ఫుల్ లోడులో 1440 అటూ ఇటూ ఉంటుంది, నేమ్‌ప్లేటు మీదా అదే రాస్తారు. అంతకంటే బాగా జారిందంటే వోల్టేజీ తక్కువో, లోడు ఎక్కువో. మోటారు 1440 దగ్గరే ఉండి బ్లోయరు పుల్లీ లెక్క కంటే తక్కువ తిరుగుతుంటే బెల్టు జారుతున్నట్టే. నా వరకు ఈ ఒక్క పనికే పెట్టిన డబ్బు వచ్చేసింది.

దీని పేచీలు దీనికున్నాయి. చోక్ ఉన్న పాతరకం ట్యూబ్‌లైటు కింద కొలిస్తే ఒక్కోసారి ఆగి ఉన్న షాఫ్టుకి కూడా 6000 చూపిస్తుంది. ఆ లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది, మీటరు దాన్నే లెక్కపెట్టేస్తుంది. లైటు ఆపి మళ్లీ చూడాలి. షాఫ్టు మెరుస్తున్నా, కీ-వే (షాఫ్టు మీద కోసిన గాడి) అంచు తళుక్కుమన్నా అంకె రెట్టింపవుతుంది. అక్కడ నల్లరంగు పూసి, దాని మీద ఒకే ఒక్క ముక్క అంటించండి. ఇక బియ్యానికి పాలిష్ పట్టే పాలిషర్ దగ్గరైతే తవుడు దుమ్ము పట్టేసి టేపు మెరుపే పోతుంది. గుడ్డ పెట్టి తుడుచుకుంటూ ఉండాల్సిందే, మిషన్ ఆపాకే లెండి.

అసలు తిరకాసు షెల్లర్లో, అంటే వడ్ల ఊక ఒలిచే మిషన్లో ఉంది. "మేస్త్రీ గారూ, స్పీడు సరిగ్గానే ఉందంటున్నారు, మరి బియ్యంలో ఇన్ని వడ్లెందుకు వస్తున్నాయండీ?" అని ఓనర్లు అడిగేది ఇక్కడే. రెండు రబ్బరు రోళ్ల వేగాల్లో ఉన్న తేడాయే ఊకని ఒలుస్తుంది. ఆ తేడా రోలు పైఅంచు వేగంలో ఉండాలి, ఆర్‌పీఎంలో ఉంటే చాలదు. 10 అంగుళాల కొత్త రోళ్లు ఒకటి 1000, రెండోది 780 తిరుగుతున్నాయనుకోండి. అంచు వేగాలు నిమిషానికి 798, 622 మీటర్లు, తేడా 176. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. అది 230 మిల్లీమీటర్లకి, రెండోది 240కి వచ్చేసరికి తేడా 134కి పడిపోతుంది. లేజర్ మాత్రం అప్పుడూ 1000, 780 అనే చూపిస్తుంది! అందుకే కదా రోళ్లు అటుదిటు మార్చి వేసేది.

ఇక్కడ కావాల్సింది షాఫ్టుకి ఆనించే కాంటాక్ట్ టాకోమీటర్, చిన్న చక్రం కూడా ఉన్నది. ఆ చక్రం రోలు అంచుకి తాకితే నిమిషానికి ఎన్ని మీటర్లో నేరుగా చెబుతుంది. లేజర్, కాంటాక్ట్ రెండూ కలిసిన మోడల్ ఖరీదు ఎక్కువే, అయినా మిల్లుకి అదే తీసుకోమంటాను. వడ్లు ఆపి, రోళ్లు విడదీసి, బయటివైపు నుంచే ఆనించండి. రోళ్ల మధ్య సందు వైపు చెయ్యి పోకూడదు. అంత తెగువ వద్దనుకుంటే మిషన్ ఆపి రోలు చుట్టుకొలత టేపుతో కొలిచి, లేజర్ చెప్పిన అంకెతో గుణించుకోండి. లెక్క అదే వస్తుంది.

భీమవరం వైపు మా బావమరిది రొయ్యల చెరువులో ఏరేటర్లకి (నీటిలో గాలి కలిపే చక్రాలకి) ఈ చవక లేజరే వాడతాడు. 1440 మోటారుకి 14కి ఒకటి గేరు ఉంటే చక్రం 100 చిల్లర తిరగాలి. కాకపోతే ఇది పనిచేసేది అరమీటరు దూరం వరకే, గట్టు మీద నుంచి కొడితే అందదు. ఎండలో చేత్తో నీడ పట్టాలి.

గింజని పైకెత్తే ఎలివేటర్ లాంటివాటికి చేత్తో కొలిచేది అనవసరం. షాఫ్టు బోల్టు తల ఎదురుగా ప్రాక్సిమిటీ సెన్సార్ (తాకకుండానే ఇనుము దగ్గరికొస్తే పసిగట్టేది) బిగించి ప్యానెల్ మీటరుకి కలిపేయండి. బెల్టు జారి వేగం పడిపోగానే అలారం కొట్టాలి, గింజ లోపల దిగబడ్డాక కాదు. ఫోన్లో స్ట్రోబ్ యాప్‌లు, అంటే లైటు మినుకు మినుకుమనిపించి వేగం చూసేవి, నేను వాడను. అసలు వేగంలో సగం దగ్గర కూడా చక్రం ఆగినట్టే కనిపిస్తుంది.

డబ్బాతో వచ్చే టేపు త్వరగా అయిపోతుంది. బళ్లకి అంటించే తెల్ల రేడియం స్టిక్కర్ సన్నగా కత్తిరించుకుంటే భేషుగ్గా పనిచేస్తుంది. లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, సీజన్ అయిపోయాక తీసి పక్కన పెట్టండి.