ఓడ దిగి ఊరు చూడాలంటే: షిప్పువాళ్ల టూరా, సొంత బండా?

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర నాకు చిన్న ట్రావెల్స్ ఉంది. మూడు కార్లు, ఒక టెంపో ట్రావెలర్. రోజూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ప్యాకేజీలో పోదామా అన్నా, సొంతంగా బండి మాట్లాడుకుందామా?" కాణిపాకానికైనా, కాళహస్తికైనా ఇదే. ఈ మధ్య సముద్రం దాటేవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. సింగపూర్ చూడ్డానికి పోయినవాళ్లు అక్కడి నుంచి నాలుగు రోజుల క్రూజ్, అంటే షిప్పులో రేవుల మీదుగా తిరిగొచ్చే యాత్ర కూడా కలుపుకొంటున్నారు. 2023లో చెన్నై నుంచి శ్రీలంకకు క్రూజ్ మొదలయ్యాక, మూడు నాలుగు గంటల్లో చెన్నై చేరిపోయే మనవాళ్లకు ఆ ఆశ ఇంకా దగ్గరైంది.

విషయం ఏమిటంటే, షిప్పు పొద్దున రేవుకు చేరుతుంది, సాయంత్రం బయల్దేరిపోతుంది. మధ్యలో చేతిలో ఉండేది ఆరేడు గంటలు. ఆ కాసేపట్లో ఊరు చూపించే టూర్లు షిప్పువాళ్లే అమ్ముతారు. షోర్ ఎక్స్‌కర్షన్లు అంటారు వాటిని. వద్దనుకుంటే మనమే దిగి, గేటు బయట బండి మాట్లాడుకోవచ్చు, ముందుగా ఆన్‌లైన్లో బుక్ చేసుకోవచ్చు.

ముందు డబ్బు సంగతి. సింగపూర్ నుంచి క్రూజ్ ఎక్కినప్పుడు మేం ఆరుగురం. నేను, మా ఆవిడ, అత్తగారు, మామగారు, బావమరిది, అతని భార్య. మలేషియాలోని పెనాంగ్‌లో ఐదు గంటల టూరుకు షిప్పు కౌంటర్లో మనిషికి 65 డాలర్లు చెప్పారు. ఆరుగురికి 390 డాలర్లు, మన డబ్బులో 33 వేల దాకా. మేం దిగి మాట్లాడుకున్న వ్యాన్‌కు అదే ఐదు గంటలకు 300 రింగిట్లు అయింది. ఆరు వేలు అనుకోండి. చూసినవి దాదాపు అవే.

మరి ఆ 27 వేల తేడాకు వాళ్లు ఇచ్చేదేమిటి? మంచి బస్సా? మంచి గైడా? ఈ వ్యాపారంలో ఉన్నవాడిగా చెప్తున్నాను, అదేం కాదు. షిప్పు కంపెనీకి ప్రతి రేవులోనూ సొంత బస్సులు ఉండవు. అక్కడి ఆపరేటర్‌కే పని అప్పజెప్పి, పైన తన వాటా వేసుకొని మనకు అమ్ముతుంది. అదే బస్సు, అదే గైడు మరుసటి రోజు ఇంకో పార్టీతో సగం రేటుకు తిరుగుతూ ఉండొచ్చు. మన దగ్గర కూడా హైదరాబాద్ ఏజెంటు అమ్మిన ప్యాకేజీలో చివరికి కదిలేది నా టెంపో ట్రావెలరే.

షిప్పువాళ్లు అమ్మేది ఒకే ఒక్కటి. మన కోసం ఆగడం.

వాళ్ల టూరు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షిప్పు మామూలుగా ఆగుతుంది. ఆగే వీల్లేకపోతే మనల్ని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత తీసుకుంటుంది. సొంతంగా పోయినవాళ్లకు ఆ మాట లేదు. ఇందులో కోపతాపాలేం ఉండవు. రేవులో షిప్పు నిలబడే చోటుకు టైమ్ కట్టి ఉంటుంది, బయటికి నడిపించే పైలట్ వచ్చేసి ఉంటాడు, కొన్నిచోట్ల ఆటుపోట్లు కూడా చూసుకోవాలి, తర్వాతి రేవులో ఇంకో షిప్పు వెనకే కాచుకొని ఉంటుంది. రెండు వేల మందిని ఆరుగురి కోసం ఆపరు.

2024 మార్చిలో ఆఫ్రికా పడమటి తీరాన సావో టోమే దీవిలో జరిగింది గుర్తుందా? సొంత టూరుకు పోయిన ఎనిమిది మంది ఆలస్యంగా తిరిగొచ్చారు. షిప్పు ఇంకా లంగరు వేసే ఉంది, కళ్లముందే కనిపిస్తోంది. కోస్ట్‌గార్డు పడవలో దాని పక్కదాకా పోయినా ఎక్కించుకోలేదు. తర్వాత దేశాలు దాటుకుంటూ షిప్పును వెంటాడారు. గాంబియాలో అందుకుందామంటే నీటిమట్టం తక్కువని షిప్పు అక్కడ ఆగనే లేదు. చివరికి సెనెగల్‌లోని డకార్‌లో ఎక్కారు. వాళ్లు అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లు. మన పాస్‌పోర్టుతో అదే జరిగితే ఎంతెంత వీసా తిప్పలో ఊహించుకోండి. డబ్బుంటే టికెట్టు కొనొచ్చు, వీసా మాత్రం అప్పటికప్పుడు రాదు. అందుకే తక్కువ దూరమైనా సరే, షిప్పు దిగేముందు పాస్‌పోర్టు ఎక్కడుందో చూసుకోండి. కొన్ని షిప్పుల్లో కౌంటర్లోనే పెట్టుకుంటారు. అలాంటప్పుడు జిరాక్స్ అయినా జేబులో ఉండాలి.

ఇంత చెప్పాక కూడా, పెనాంగ్‌లో నేను సొంత బండికే ఓటేస్తాను.

షిప్పు ఆగే స్వెట్టెన్‌హామ్ రేవు జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. గేటు దాటి నాలుగడుగులు వేస్తే విక్టోరియా రాణి పేరు మీద కట్టిన గడియార స్తంభం. రాణి ఏలుబడికి 60 ఏళ్లు నిండాయని ఏడాదికొక అడుగు చొప్పున 60 అడుగులు కట్టారట. అక్కడి నుంచి లిటిల్ ఇండియాకు నడిచే పోవచ్చు. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది. చుట్టుపక్కల అరిటాకులో అన్నం పెట్టే హోటళ్లు. ఇంత దగ్గర ఉన్నదానికి బస్సెక్కి, స్టిక్కరు అంటించుకొని, జెండా పట్టుకున్న గైడు వెనక నడవడం ఎందుకు?

ఇంకో సంగతి. మన చిత్తూరు వైపు వాళ్లకు తమిళం వచ్చు కదా, అది పెనాంగ్‌లో డాలర్ కంటే బాగా చెల్లుతుంది. గేటు దగ్గర మూగిన వాళ్లను దాటుకొని రోడ్డవతలికి పోయాం. వ్యాన్‌కు ఆనుకొని నిలబడ్డ ఒక పెద్దాయన 350 అన్నాడు. ఇంగ్లీషు వదిలేసి తమిళంలో బేరం మొదలుపెట్టాను. "ఎంద ఊరు తంబీ?" అన్నాడు. తిరుపతి అని చెప్పగానే చెప్పులు విడిచి, రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. "పెరుమాళ్ ఊరా!" అని 300కే తలూపాడు. పార్కింగు అందులోనే, వెయిటింగు అందులోనే, డబ్బులు చివర్లోనే. ఆ మూడూ ముందే తేల్చుకోవాలి. మొత్తం ముందే చేతిలో పెడితే ఏరు దాటాక బోడి మల్లయ్య సామెత మన మీదే నిజమవుతుంది.

తప్పు చేసింది మాత్రం నేనే. కేక్ లోక్ సీ బౌద్ధాలయం చూశాక, పక్కనే కదా అని పెనాంగ్ కొండకు తీసుకెళ్లమన్నాను. తాడు రైలు మీద పైకి పోవడం ఐదారు నిమిషాల పని. దిగేటప్పుడు చూస్తే క్యూ మెలికలు తిరిగి ఉంది. కొండ మీద క్యూలు తిరుపతివాడికి కొత్తా అని నవ్వుకున్నాం కానీ, ఇక్కడ కంపార్ట్‌మెంటులో కూర్చోబెట్టి పాలు, ఉప్మా ఇచ్చేవాళ్లు లేరు. అత్తగారికి షుగరు. నాలుగున్నరకల్లా అందరూ షిప్పులో ఉండాలి, టైమ్ చూస్తే రెండున్నర. ఆ టెన్షన్‌లో వెనక్కి తిరిగి చూశాను. మా షిప్పు టూరువాళ్లు, చొక్కాల మీద 14వ నంబరు స్టిక్కర్లతో, సరిగ్గా మా వెనకే ఉన్నారు. ఐస్‌క్రీం తింటూ ఫోటోలు తీసుకుంటున్నారు. అదే క్యూ, అదే ఆలస్యం. వాళ్లకు ఒక్క చెమట చుక్క పట్టలేదు. ఆ 27 వేలు ఎక్కడికి పోతాయో నాకు అక్కడ కళ్లారా కనిపించింది.

కింద వ్యాన్ ఎక్కేసరికి 3.25. గడియార స్తంభం దాటేటప్పుడు చూస్తే 4.10. మామగారు ఆ రాత్రి భోజనానికి కూడా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మలేషియాలోనే ఇంకో రేవు పోర్ట్ క్లాంగ్, దాని లెక్క వేరు. కౌలాలంపూర్ అని పేరు రాస్తారు కానీ, షిప్పు ఆగేది పులావ్ ఇండా అనే దీవిలో, ఊరికి దూరంగా. కౌలాలంపూర్ పోవాలంటే గంటకు పైగా దారి, ట్రాఫిక్ ఉంటే అది ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు. మురుగన్ గుహలు, అదే బాటు కేవ్స్, ఊరికి ఇంకా ఉత్తరాన ఉన్నాయి. ఇక్కడ షిప్పు టూరే తీసుకున్నాం, ఇప్పటికీ అదే తీసుకోమంటాను.

అంటే టూరు బాగుందని కాదు. 42.7 మీటర్ల బంగారు రంగు మురుగన్ విగ్రహం ముందు దించి, నలభై నిమిషాలు టైమ్ ఇచ్చారు. గుహలోకి 272 మెట్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్లకు ఇదొక లెక్కా అనుకున్నాం. లెక్కే. మిట్టమధ్యాహ్నం ఎండ, నిటారు మెట్లు, చేతిలో సంచీ ఉంటే లాక్కుపోయే కోతులు. అత్తగారు సగందాకా ఎక్కి అక్కడి నుంచే దండం పెట్టి దిగేశారు. సొంత బండి అయితే నిదానంగా గంటన్నర ఉండేవాళ్లం. దేవుడి దగ్గర నలభై నిమిషాలు ఇచ్చినవాళ్లు చాక్లెట్ల షాపులో యాభై నిమిషాలు ఆపారు. గైడును తిట్టాలనిపించింది, నోరు రాలేదు. చీరల కొట్ల ముందు మా డ్రైవర్లు బండి ఎందుకు ఆపుతారో నాకు తెలీదా?

ఫుకెట్‌లో రెండు మెలికలు. చాలా షిప్పులు రేవుకు ఆనుకోవు, పటోంగ్ బీచ్ ఎదురుగా లంగరు వేసి చిన్న పడవల్లో దించుతాయి. ముందు పంపేది తమ టూరు కొన్నవాళ్లను. సొంతంగా పోయేవాళ్లు టోకెన్ పట్టుకొని కూర్చోవాలి, పొద్దున గంట అక్కడే కరిగిపోతుంది. రెండోది గడియారం. థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్ కంటే గంట వెనక. షిప్పు సింగపూర్ టైమే పాటిస్తూ, మీ ఫోన్ మాత్రం ఒడ్డెక్కగానే థాయ్ టైమ్‌కు మారిపోతే, మీరు నాలుగనుకున్నప్పుడు షిప్పులో ఐదవుతుంది. చేతి గడియారం ఒకటి షిప్పు టైమ్‌కు పెట్టుకొని దిగండి. బీచ్‌లో తిరగడానికైతే టూరు అక్కర్లేదు. స్పీడ్‌బోటెక్కి ఫీఫీ దీవులకో, ఫాంగ్‌నా అఖాతానికో పోవాలంటే మాత్రం షిప్పువాళ్లతోనే పొండి. గాలి తిరిగితే సముద్రం మీద ఎవరి డ్రైవింగూ పనికిరాదు.

శ్రీలంకకు మన టైమే, ఆ గొడవ లేదు. త్రింకోమలీలో కోనేశ్వరం గుడి ఊళ్లోనే, ఫ్రెడరిక్ కోట లోపల సముద్రం మీదికి ఒరిగిన కొండకొమ్మున ఉంది. దారిలో కోటలో చుక్కల జింకలు అడ్డం వస్తాయి. "లంకాయాం శాంకరీ దేవి" అని పూజలో రోజూ చదివే శ్లోకంలో మొదటి పీఠం అక్కడిదే అంటారు కాబట్టి మన ఆడవాళ్లు తప్పకుండా అడుగుతారు. తమిళం వచ్చినవాళ్లు ఆటో మాట్లాడుకుంటే సరిపోతుంది. కన్నియ వేడినీళ్ల బావులు ఏడూ చూసుకొని కూడా తీరిగ్గా తిరిగి రావచ్చు. కాంకేశంతురై నుంచి జాఫ్నాలోని నల్లూరు కందస్వామి గుడికి సుమారు 20 కిలోమీటర్లు, అదీ సొంతంగా పోదగ్గదే. మగవాళ్లు చొక్కా విప్పాలి, పైపంచె పెట్టుకోండి. హంబన్‌తోటలో యాల అడవి సఫారీ అంటే పూటంతా పట్టే పని, అక్కడ షిప్పు టూరే నయం.

సొంతంగా పోయేవాళ్లకు మా ట్రావెల్స్ లెక్క ఒకటి చెప్తాను. చెన్నై ఎయిర్‌పోర్టు డ్రాప్ అంటే దారి మూడున్నర గంటలే అయినా, ఫ్లైట్‌కు ఎనిమిది గంటల ముందు బండి తీయమంటాను. పార్టీలు గొణుగుతాయి, కానీ ఇంతవరకు ఒక్క ఫ్లైట్ మిస్ కాలేదు. షిప్పుకూ అంతే. అందరూ ఎక్కాలని చెప్పిన టైమ్ నుంచి రెండు గంటలు వెనక్కి లెక్కేసి, ఆ టైమ్‌కు తిరుగు బండిలో కూర్చొని ఉండాలి. దూరంగా ఉన్నది పొద్దున్నే చూసేయాలి, రేవు పక్కది చివరికి ఉంచుకోవాలి. పెనాంగ్‌లో నేను చేసింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఆన్‌లైన్లో కొన్ని లోకల్ కంపెనీలు షిప్పు రేటులో సగానికే తీసుకెళ్తాం, టైమ్‌కు చేర్చే గ్యారంటీ మాది అంటాయి. నలుగురైదుగురు ఉంటే చూడదగ్గవే. కానీ ఆ గ్యారంటీలో ఏముందో చదవండి. తర్వాతి రేవుకు టికెట్టు కొనిస్తారా, డబ్బు వాపసు ఇచ్చి చేతులు దులుపుకొంటారా? వాతావరణం బాగోలేక షిప్పు ఆ రేవులో ఆగకుండా పోతే, షిప్పువాళ్ల టూరు డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. వీళ్లు ఇస్తారో లేదో అదీ చూసుకోవాలి.

వచ్చే డిసెంబరులో మళ్లీ అదే దారిలో బుక్ చేశాం. పెనాంగ్ పెద్దాయన నంబరు నా ఫోన్లో ఇంకా ఉంది, వాట్సాప్‌లో షిప్పు వచ్చే టైమ్ కూడా పంపేశాను. ఈసారి కొండ పొద్దున్నే, లిటిల్ ఇండియా చివర్లో. క్లాంగ్‌కు మా బావమరిది షిప్పు టూరే తీసుకున్నాడు. అత్తగారు మాత్రం అక్కడ అసలు దిగనని ఇప్పుడే తేల్చేశారు. అందరూ ఊరు చూడ్డానికి పోయిన రోజు పైడెక్కు మీద కుర్చీలన్నీ ఖాళీగా ఉంటాయట, టీ కూడా వేడివేడిగా దొరుకుతుందట.