ట్యూబ్ ఆంప్ కొనేవాళ్లకు జాగ్రత్త: 120 వోల్టుల ఆంప్‌ను ఇండియా మోడల్ అని అంటగడుతున్నారు

కడప, అనంతపురం, కర్నూలు వైపు గిటార్ వాయించేవాళ్లు ఎవరైనా సెకండ్ హ్యాండ్ ట్యూబ్ కాంబో ఆంప్ (గాజు వాల్వులతో, అంటే ట్యూబులతో పనిచేసే, స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉన్న గిటార్ ఆంప్లిఫయర్) కోసం వెతుకుతుంటే, ఇది చదివాకే డబ్బు పంపండి. అమెరికా మార్కెట్ కోసం తయారైన 120 వోల్టుల ఆంప్‌కు పైన 230 వోల్టులని స్టిక్కర్ అంటించి, ఒక చిన్న కన్వర్టర్ డబ్బా జతచేసి, మూడు పెడల్స్ (గిటార్ సౌండ్ మార్చే, కాలితో నొక్కే చిన్న డబ్బాలు) ఫ్రీ అని కలిపి అమ్ముతున్నారు. నాకు 38,000 రూపాయలకు అలాగే అంటగట్టారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాడి పేరు ఇక్కడ రాయను. ఆంప్ కంపెనీ తప్పు ఇందులో ఏమీ లేదు, దాని పేరూ అనవసరం. అయినా పేరు కన్నా పద్ధతి తెలియడం ముఖ్యం. పేరు వాడు రేపు మార్చుకుంటాడు.

ఇలాంటివాళ్లకు మన ఊళ్లే ఎందుకు దొరుకుతాయంటే, ఇక్కడ ట్యూబ్ ఆంప్‌ను ముందు పెట్టుకుని వాయించి చూసే చోటు లేదు. నేను చూసినంతలో కడప షాపుల్లో కీబోర్డులు, తబలాలు, నేర్చుకునేవాళ్ల అకూస్టిక్ గిటార్లు ఉంటాయి. ఆంప్ అంటే మహా అయితే ఒక ప్రాక్టీస్ డబ్బా. చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లు ఎక్కువమంది నేరుగా మిక్సర్‌కే పెట్టేస్తారు. అసలైన ట్యూబ్ సౌండ్ వినాలంటే బెంగుళూరో హైదరాబాదో పోవాల్సిందే. కాబట్టి ఫోటో, వీడియో, ఫోన్లో మాట, వీటినే నమ్మి కొంటాం. ఆ సంగతి అమ్మేవాడికి మనకన్నా బాగా తెలుసు.

ప్రకటనలో రాసింది ఇది: 15 వాట్లు, ఫుల్ ట్యూబ్, 12 అంగుళాల స్పీకర్, ఇండియా వోల్టేజ్. వీడియోలో సౌండ్ నిజంగానే బాగుంది. వెనక ప్లేటు ఫోటో అడిగితే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉన్న స్టిక్కర్ దగ్గరగా తీసి పంపాడు. “మన కరెంటుకే సెట్ చేసిందన్నా, కళ్లు మూసుకుని పెట్టుకో” అన్నాడు. ఆర్టీసీ కార్గోలో కడప బస్టాండుకు వచ్చింది. పెట్టెలో ఆంప్, పెడల్స్, అడాప్టర్లతో పాటు అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బా ఒకటి ఉంది. ఇదేంటని ఫోన్ చేస్తే, “మీ వైపు కరెంటు ఎక్కువ తక్కువ అవుతుంది గదన్నా, సేఫ్టీకి పెట్టినా, మధ్యలో ఉండనీ” అన్నాడు. ఎంత మర్యాదో!

ఆంప్ ఆన్ చేసి వాల్యూమ్ సున్నాలో పెట్టినా గీరుతున్నట్టు ఒక బజ్. ఎర్తింగ్ సరిగ్గా లేనప్పుడు వచ్చే లావుపాటి హమ్ కాదిది, పదునుగా ఉంది. అడిగితే “ట్యూబ్ ఆంప్ అంటే అంతే, వేడెక్కితే పోతుంది” అన్నాడు. వేడెక్కింది గానీ బజ్ పోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వార్నిష్ కాలిన వాసన మొదలైంది, ఆ తర్వాత ఆంప్ పూర్తిగా ఆగిపోయింది.

కడప ఏడు రోడ్ల దగ్గర ఒక పాత రేడియో మెకానిక్ ఉన్నాడు. వాల్వు రేడియోలు ఇంటింటా ఉన్న కాలం నుంచి పనిచేస్తున్న మనిషి, మేమంతా మామా అని పిలుస్తాం. ఆయన ముందుగా చేసిన పని స్టిక్కర్ అంచు గోటితో లేపడం. కింద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని అచ్చులో శుభ్రంగా ఉంది. ఫ్యూజ్ తీస్తే దాని చుట్టూ రాగి తీగ చుట్టి ఉంది, అంటే ఇంతకుముందే ఎక్కడో ఫ్యూజ్ కొట్టేస్తుంటే ఎవరో తెలివి చూపించారు. ఇక తెల్ల డబ్బా విప్పితే లోపల ఒక ట్రయాక్ (కరెంటును కోసి వదిలే స్విచ్ లాంటి పార్టు), చిన్న కాయిల్, నాలుగు చిల్లర పార్టులు ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ అనేదే లేదు. “నాయనా, ఇది జుట్టు ఆరబెట్టుకునే మిషన్లకు వాడేది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న దేనికీ దీన్ని పెట్టకూడదు” అన్నాడు.

దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా ఇక్కడే ఉంది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. ఈ రకం డబ్బా ఆ వోల్టేజీని నిజంగా తగ్గించదు. కరెంటు తరంగంలో ప్రతి అర్ధభాగంలోనూ మొదటి ముక్కను కోసేసి, మిగిలిన ముక్కను వదులుతుంది. సగటు లెక్కలో అది 110, 120 దగ్గరికి వస్తుంది. హీటరుకూ మామూలు బల్బుకూ ఆ సగటు చాలు. ట్యూబ్ ఆంప్ సంగతి వేరు. దానిలో ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్, ఆ కరెంటును నిల్వచేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, ఆ కెపాసిటర్లు తరంగం శిఖరం ఎంతుంటే అంతవరకు నిండుతాయి. శుభ్రమైన 120 వోల్టుల తరంగానికి శిఖరం సుమారు 170. కోసిన 230 వోల్టుల తరంగానికి అది 300 దగ్గరికి పోవచ్చు. ఇలాంటి 15 వాట్ల ఆంప్‌లో పవర్ ట్యూబుల దగ్గర మామూలుగానే 300 వోల్టుల పైన ఉంటుంది. అది ఆ లెక్కన పెరిగితే కెపాసిటర్లు, ట్యూబులు హద్దు దాటుతాయి. కోసిన తరంగంతో ట్రాన్స్‌ఫార్మర్ కూడా అరుస్తుంది, కాగుతుంది. వీడియో తీసినప్పుడు అమ్మినవాడు మంచి స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ (వోల్టేజీని నిజంగానే తగ్గించేది) పెట్టే వాయించి ఉంటాడని నా అనుమానం. అది తన దగ్గరే ఉంచుకుని మనకు డబ్బా పంపాడు.

ఒక మాట, ఇలాంటిది మీ దగ్గర ఉంటే మీరే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవద్దు. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో 300, 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు, ప్రాణం పోతుంది. వాల్వుల పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

120 వోల్టుల ఆంప్‌ను అసలు వాడలేమా అంటే వాడొచ్చు. ఇనుప కోరు, రాగి చుట్లు ఉన్న నిజమైన స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆంప్ వెనక అది ఎన్ని వాట్లు లాగుతుందో రాసి ఉంటుంది. 15 వాట్ల సౌండ్ ఇచ్చే ఫెండర్ కంపెనీ బ్లూస్ జూనియర్ లాంటి ఆంపే గోడ నుంచి 180 వాట్ల దాకా లాగుతుంది, కాబట్టి దానికి రెండింతలు మోసే ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. చేత్తో ఎత్తితే కిలోల బరువుండాలి. సబ్బుపెట్టెలా తేలిగ్గా ఉంటే సాకెట్ దగ్గరికే తీసుకుపోవద్దు. ఇంకోటి, అచ్చంగా 60 హెర్ట్జ్ కోసం చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. కొన్ని ఆంప్‌లలో 230కి మార్చుకునే వైర్లు లోపలే ఉంటాయి, మెకానిక్ మార్చగలడు. లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే మార్చాలి, ఆ ఖర్చు కలిపితే చవక బేరం చవకగా ఉండదు.

స్టెప్-డౌన్ కొనేటప్పుడు మూడో పిన్ను, అంటే ఎర్త్, అవతలి వైపు దాకా పోతుందో లేదో చూడండి. రెండు పిన్నుల సాకెట్ ఉన్నవి చాలా వస్తున్నాయి. గిటార్ తీగలు ఆంప్ ఛాసిస్‌కు, అంటే లోపలి ఇనుప చట్రానికి, కలిసే ఉంటాయి. ఎర్త్ లేని ఆంప్‌తో వాయిస్తూ మైకుకు పెదవి తగిలితే షాక్ కొడుతుంది. పాడుతూ వాయించేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఫుల్ ట్యూబ్ అన్న మాట నిజమో కాదో చూడటం సులువు. వెనక నుంచి లోపలికి ఫోటో అడగండి, లెక్కపెట్టండి. బ్లూస్ జూనియర్‌లో చిన్నవి మూడు 12ఏఎక్స్7లు, వాటికన్నా పొడుగువి రెండు ఈఎల్84లు ఉంటాయి. అదే ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్‌లో మూడు 12ఏఎక్స్7లు, లావుపాటి 6ఎల్6లు రెండు. వాక్స్ కంపెనీ ఏసీ30లో ఈఎల్84లే నాలుగు. ఒకే ఒక్క చిన్న ట్యూబ్ కనిపించి, పక్కన వేడి లాగే పెద్ద అల్యూమినియం హీట్‌సింక్ ఉంటే అది హైబ్రిడ్, అంటే కొంత ట్యూబ్, కొంత ట్రాన్సిస్టర్. హైబ్రిడ్ చెడ్డదేం కాదు, ధర హైబ్రిడ్ ధరే ఉండాలంతే. నాకు వచ్చింది ట్యూబ్ ఆంపే, కాకపోతే రెండు ఈఎల్84లు రెండు వేరే కంపెనీలవి, ఒకటి ఊడిపోయేటట్టు ఉంది.

కుదిరితే ఎంత దూరమైనా పోయి చూసే కొనండి. అరగంట ఆన్‌లో ఉంచి వాయించండి. పెన్సిలుతో ట్యూబులను మెల్లగా తట్టితే గంట కొట్టినట్టు స్పీకర్లో మోగేది మార్చాల్సిందని అర్థం. పవర్ ట్యూబులో ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే, బయటి లోహపు ప్లేటు ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపించండి. స్పీకర్ వైరు పీకి ఆన్ చేయనివ్వకండి, లోడ్ లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

వాట్ల మోజు కూడా వద్దు. 40 వాట్లకూ 15 వాట్లకూ మధ్య తేడా నాలుగు డెసిబెల్సే. 15 వాట్ల ట్యూబ్ ఆంప్‌ను బ్రేకప్ (సౌండ్ కాస్త గరుకెక్కడం) వచ్చేదాకా పెంచితే మా కో-ఆపరేటివ్ కాలనీలో మూడు ఇళ్ల అవతలివాళ్లు కూడా వచ్చి తలుపు కొడతారు. ఇంట్లోకి 5 వాట్లు చాలు. చర్చిలో ఎలాగూ పీఏ (హాలంతటికీ వినిపించే సౌండ్ సిస్టమ్) ఉంటుంది, ఆంప్ ముందు మైకు పెడితే సరిపోతుంది. ఇక ఊర్లమ్మట జనరేటర్ మీద తిరిగే ఆర్కెస్ట్రావాళ్లకైతే ట్యూబ్ ఆంపే వద్దంటాను. వోల్టేజ్ ఊగుతుంది, వ్యాన్‌లో కుదుపులకు ట్యూబులు నిలవవు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కూడా పెట్టకండి, ఆ బజ్ కూడా భరించలేం.

ఇప్పుడు ఫ్రీ పెడల్స్ కథ. ఒకటి ఆకుపచ్చ ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ను గరుకుగా చేసేది), పేరున్న మోడల్‌కు నకిలీ. పేరున్న డిజైన్లను సొంత బ్రాండుతో చవకగా చేసే కంపెనీలు బోలెడున్నాయి, అవి నిజాయితీగా ఉంటాయి, బాగానే పలుకుతాయి. దొంగ పేరు అచ్చేసిన దానికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు. రెండోది ట్యూబ్ పెడల్ అట. ముందు కిటికీలోంచి చిన్న ట్యూబ్ నారింజ రంగులో వెలుగుతుంది. మామ లోపల చూస్తే ట్యూబ్ వెనక ఒక ఎల్ఈడీ, వెలుగంతా దానిదే! ట్యూబుకు ఒక్క వైరు కూడా లేదు, సౌండంతా ఐసీ, డయోడ్ల పని. ఆ మాటకొస్తే పేరున్న ఓవర్‌డ్రైవ్ పెడల్ అయిన అసలైన ట్యూబ్ స్క్రీమర్‌లో కూడా ఉండేది ఐసీ, డయోడ్లే, కానీ వాళ్లు బొమ్మ ట్యూబ్ పెట్టి లైటు వేయరు.

మూడోది డిలే, అంటే ప్రతిధ్వని వేసే పెడల్. అది పనిచేసేదే, దాంతో ఇచ్చిన అడాప్టరే ప్రమాదం. దాని మీద చేతిరాతతో 9 వోల్టులని చీటీ ఉంది. మామ మీటర్ పెడితే 12 దాటింది, పైగా ప్లస్, మైనస్ తిరగబడి ఉన్నాయి. అది వైఫై రౌటర్ అడాప్టర్. చాలామటుకు పెడల్స్‌కు కావాల్సింది 9 వోల్టుల డీసీ, లోపలి పిన్ను మైనస్. రౌటర్, సీసీ కెమెరా అడాప్టర్లలో లోపలి పిన్ను ప్లస్ ఉంటుంది, పిన్ను సైజు మాత్రం సరిగ్గా సరిపోతుంది. పాత రకం అనలాగ్ పెడల్ అయితే కాపలా డయోడ్ కాలి బతకొచ్చు, డిజిటల్ డిలే అయితే చిప్ పోవచ్చు. ఎవరిచ్చిన అడాప్టర్ అయినా మీటర్ పెట్టి చూసుకున్నాకే గుచ్చండి, మీటర్ నాలుగైదు వందలకు దొరుకుతుంది.

డబ్బు వెనక్కి ఇమ్మంటే వాడి జవాబు, “నువ్వే తప్పుగా పెట్టినావ్, ఎలక్ట్రానిక్స్‌కు రిటర్న్ లేదు.” అదృష్టం ఏంటంటే బిల్లు అడిగి తీసుకున్నాను, అందులో 230 వోల్టులని వాడే రాశాడు. 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు వేరే ఊళ్లో ఉన్నా 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి, వస్తువుకు ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. ఇది వ్యాపారం చేసేవాళ్ల మీదే పనిచేస్తుంది, తన సొంత ఆంప్ అమ్ముకునే మామూలు మనిషి మీద కాదు. అందుకే బిల్లు లేకుండా కొనొద్దు. డబ్బు తీసుకుని వస్తువే పంపకపోతే ఆలస్యం చేయకుండా 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేయండి.

ఆ ప్రకటన ఇంకా తీయలేదు. అవే ఫోటోలు, ధర రెండు వేలు తగ్గించి, ఈసారి నాలుగు పెడల్స్ ఫ్రీ అంటున్నాడు. ఆంప్ నల్ల రంగు, ముందు గ్రిల్ బట్టకు ఎడమ మూల కింద చిన్న చిరుగు, వెనక స్టిక్కర్ తెల్లది, కొద్దిగా వంకరగా ఉంది. నాకు పంపిన ఆంప్‌కు ఆ చిరుగు లేదు, కాబట్టి వాడి దగ్గర ఇలాంటివి ఇంకా ఉన్నాయి.