హనుమకొండ లాడ్జిలో ఒక రాత్రి, మావాడి 31 బంతులు

పిల్లల్ని ఆటల పోటీలకని హనుమకొండ తీసుకెళ్లేవాళ్లు ఎవరైనా సరే, ఫోన్‌లో చెప్పిన రేటు నమ్మి లాడ్జికి అడ్వాన్స్ పంపకండి. నేను పంపాను. 1,100 అన్న గదికి 3,500 కట్టి వచ్చాను. డబ్బు పోతే పోయింది, మావాడి ఆట పోయింది, నా బాధంతా అదే.

వాడికి పన్నెండేళ్లు. బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసేవాడు. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి ఎనిమిది టీములను పిలిచి రెండు రోజుల పోటీలు పెట్టారు. మా ఆయనకు సింగరేణిలో ఆ వారం నైట్ షిఫ్ట్, అందుకని మా తమ్ముణ్ని తోడు తీసుకుని ముందురోజు పొద్దున్నే మంచిర్యాలలో భాగ్యనగర్ ఎక్కాం. కాజీపేటలో దిగి ఆటోకు 150 ఇచ్చి చౌరస్తా చేరాం. ప్రయాణంలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది లాడ్జి కౌంటర్ దగ్గర మొదలైంది. వారం ముందే ఫోన్ చేసి మాట్లాడుకుని 500 ఫోన్‌పే చేశాను, ముగ్గురం అని కూడా చెప్పాను. తీరా వెళ్తే మేనేజర్ "అది మామూలు రోజుల రేటు మేడం, ఇప్పుడు 1,800" అన్నాడు. మూడో మనిషికి పరుపు వేస్తే ఇంకో 300 అట. పోనీ నేను పంపిన 500 తగ్గించుకోండి అంటే, అది గది ఆపి ఉంచినందుకట, బిల్లులో కలవదట. మా తమ్ముడు గొడవకు దిగబోయాడు, పిల్లాడు బ్యాగు మోసుకుని నిలబడి చూస్తున్నాడని నేనే ఆపాను. ఆపకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం వేయిస్తంభాల గుడికి వెళ్లాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, ఆ నల్లరాతి నంది దగ్గర మావాడు చాలాసేపు కూర్చున్నాడు. తమ్ముడు మాత్రం రామప్ప, రామప్ప అంటూనే ఉన్నాడు. మర్నాడు మ్యాచ్ పెట్టుకుని అంత దూరం ఎలా వెళ్తాం?

రాత్రి అసలు సంగతి తెలిసింది. మాకు ఇచ్చింది వెనకవైపు గది, కిటికీ కిందే ఫంక్షన్ హాలు జనరేటర్. పెళ్లి డీజే ఒంటిగంట దాకా, జనరేటర్ తెల్లారేదాకా. వేరే గది అడిగితే ఒక్కటీ ఖాళీ లేదన్నారు, పొద్దున తమ్ముడు దిగి చూస్తే కౌంటర్ వెనక ముందువైపు గదుల తాళాలు మూడు వేలాడుతున్నాయి. వేడినీళ్లు రాలేదు, బకెట్ 30 పెట్టి కొనుక్కున్నాం. వాడు ఎప్పుడు నిద్రపోయాడో నాకు తెలియదు, నేను మాత్రం నాలుగింటికి కూడా మేలుకునే ఉన్నాను.

ఆ కళ్లతోనే బంతి వేశాడు. ఈ వయసు పిల్లలకు పిచ్చర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కు 46 అడుగులు, వాడు ఇంటి వెనక గోడకు సున్నంతో గీత గీసుకుని రోజూ వేసే దూరమే. ఆ రోజు బంతి ఎటు పోతుందో వాడికే తెలియలేదు, మొదటి ఇన్నింగ్స్‌లోనే నలుగురిని వాక్ చేశాడు, అంటే గురి తప్పిన బంతులు నాలుగేసి వేసి వాళ్లను ఊరికే మొదటి బేస్‌కు పంపేశాడు. 31 బంతులకు కోచ్ సారు మార్చేశారు. ఆ మ్యాచ్ మావాళ్లు 9-8తో గెలిచారు, కానీ మా సారు లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ నడిపే అమెరికా సంస్థ) లెక్క తప్పరు: ఒకరోజులో 20 బంతుల దాకా అయితే మర్నాడు కూడా వేయొచ్చు, 21 నుంచి 35 అయితే ఒక రోజు చేతికి విశ్రాంతి ఇవ్వాల్సిందే. అంటే సెమీస్‌లో మావాడు బంతి పట్టకూడదు. నియమం మంచిదే, పిల్లల మోచేతులు పాడవకుండా పెట్టింది, సారు మీద నాకేమీ కోపం లేదు.

మ్యాచ్ అయ్యాక బ్యాగుల కోసం వెళ్తే లాడ్జిలో ఇంకో 900 అడిగారు. ఫోన్‌లో 24 గంటలు అన్నది అబద్ధమట, చెక్ అవుట్ తొమ్మిదింటికట. రసీదు అడిగితే ప్రింటర్ పని చేయడం లేదన్నారు.

స్టేడియం వెనక సందులో ఒక పెద్దమ్మ నడిపే మెస్ ఉంది, భోజనం 90. పప్పుచారు, బెండకాయ వేపుడు, గడ్డపెరుగు, అడగకుండానే మళ్లీ వడ్డన. మావాడు కూర్చున్నచోటే ముద్ద చేతిలో పెట్టుకుని నిద్రపోయాడు. ఆమె చూసి "బిడ్డా, పిలగాన్ని లోపల పండబెట్టు" అని తన మంచమే చూపించింది. మూడు గంటలు కదలకుండా పడుకున్నాడు. సంగతంతా విని ఆ రాత్రికి మమ్మల్ని కూడా ఉండిపొమ్మంది. పొద్దున సర్వపిండి కాల్చి పెట్టింది. డబ్బు వద్దంటే బలవంతంగా 300 చేతిలో పెట్టాను.

సెమీస్ 7-3తో ఓడిపోయాం. మావాడు రైట్ ఫీల్డ్‌లో ఒక క్యాచ్ పట్టాడు.

వాడు ఫోన్‌లో ఎప్పుడూ చూసేది అమెరికాలో సౌత్ విలియమ్స్‌పోర్ట్ ఊళ్లో జరిగే లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్. 1947 నుంచీ జరుగుతోంది, ఇప్పుడు 20 టీములు వస్తాయి, పది అమెరికావి, పది బయటి దేశాలవి. చూడటానికి టికెట్టే లేదు. టీముల ప్రయాణం, తిండి, బస నిర్వాహకులే చూసుకుంటారు, పిల్లలంతా మైదానాల పక్కనే డార్మిటరీల్లో ఉంటారు. అంత అడగను. ఎనిమిది టీముల్ని పిలిచినవాళ్లు ఒక స్కూల్లో నాలుగు గదులు, చాపలు ఇప్పించి ఉంటే ఏ తల్లీ లాడ్జి కౌంటర్ ముందు నిలబడేది కాదు. ఇదే మాట నిర్వాహకులకు కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను.

సాయంత్రం రైల్లో తమ్ముడు రామప్ప చూడలేదని ముభావంగానే ఉన్నాడు. మావాడు కిటికీ పక్కన కూర్చుని, జమ్మికుంట దాటాక అడిగాడు, "ఇరవై లోపు ఆపేసి ఉంటే ఇవాళ నేనే వేసేవాణ్ని కదమ్మా?" అని. అవును నాన్నా అన్నాను.