ట్విట్టర్‌ను దారిలో పెట్టాలా, ముక్కలు చేయాలా, వదిలేసి పోవాలా: ఏది మేలు?

2022 అక్టోబర్ 27న ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొనేశాక, నాకు తెలిసిన వామపక్ష మిత్రులు చాలామంది "ఇక మన గొంతు పోయినట్టే" అని బాధపడ్డారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ అక్టోబర్ 26న అది ఎవరిది? అప్పుడూ వాటాదార్లదే కదా. వాళ్లలో సౌదీ రాజకుమారుడు అల్‌వలీద్ బిన్ తలాల్ కూడా ఉన్నాడు, మస్క్ వచ్చాక కూడా ఆయన తన వాటా అమ్ముకోకుండా అట్టే పెట్టుకున్నాడు. యజమాని మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టనంత కాలం దానికో యజమాని ఉన్నాడన్న సంగతే మర్చిపోయాం.

పాశ్చాత్య దేశాల్లో లిబరల్స్‌కీ వామపక్షానికీ తేడా సరిగ్గా ఇక్కడే వస్తుంది. వ్యవస్థ మంచిదే, కొందరు డబ్బున్నవాళ్లు పాడుచేస్తున్నారు, నాలుగు గట్టి నిబంధనలు పెడితే సర్దుకుంటుంది అని లిబరల్స్ అంటారు. వామపక్షం అడిగేది వేరు. అందరికీ ఒక్కో ఓటే ఉన్నా, ఆ ఓటు వేసేముందు మనిషి ఏం చదవాలో ఏం వినాలో పెట్టుబడే తేలుస్తుంటే ఆ సమానత్వానికి ఎంత విలువ మిగిలింది? అమెరికా సుప్రీంకోర్టు 2010 జనవరిలో సిటిజన్స్ యునైటెడ్ కేసులో, ఎన్నికల విషయంలో కంపెనీలు సొంతంగా పెట్టే ప్రచార ఖర్చును అడ్డుకోకూడదని 5-4 మెజారిటీతో తీర్పిచ్చింది. 2024కి వచ్చేసరికి మస్క్ ఒక్కడే ట్రంప్‌నీ రిపబ్లికన్లనీ గెలిపించడానికి 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడు, ఆ ప్రచారం నడిచిన పెద్ద వేదికల్లో ఒకటి ఆయన సొంతదే. ఇది చూశాక వామపక్షం మాటే నిజమని నాకనిపిస్తుంది.

అయితే రోగం గురించి ఏకాభిప్రాయం ఉన్నా, మందు దగ్గర వామపక్షంలోనే నాలుగు దారులు కనిపిస్తాయి.

మొదటిది చట్టంతో దారిలో పెట్టడం. దీన్ని అందరికంటే ఎక్కువ ప్రయత్నించింది యూరోపియన్ యూనియన్. ఆన్‌లైన్ వేదికలకు నిబంధనలు పెట్టే డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది, తప్పు చేస్తే ప్రపంచం మొత్తం మీద వచ్చే ఆదాయంలో 6 శాతం దాకా జరిమానా వేయొచ్చు. దాంతోపాటు వచ్చిన, పెద్ద టెక్ కంపెనీల ఆధిపత్యానికి కళ్లెం వేసే డిజిటల్ మార్కెట్స్ యాక్ట్‌లో అది 10 శాతం. కాగితం మీద చాలా గట్టి చట్టాలే. 2025 ఏప్రిల్‌లో యాపిల్‌కు 50 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్, వాట్సాప్‌ల యజమాని అయిన మెటాకు 20 కోట్ల యూరోలు జరిమానా వేశారు కూడా. కానీ మెటా 2024 రాబడి 16,400 కోట్ల డాలర్ల పైమాటే, లెక్క వేస్తే ఆ 20 కోట్ల యూరోలు దాదాపు సగం రోజు రాబడి. సగం రోజు రాబడి పోతుందని భయపడి ఏ కంపెనీ తన వ్యాపార పద్ధతి మార్చుకుంటుంది? అయినా ఈ దారిని నేను తీసిపారేయను, ఎందుకో చివర్లో చెప్తాను.

రెండోది ముక్కలు చేయడం. అమెరికాలో దీనికి చరిత్ర ఉంది: 1911లో చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్, 1984లో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ. 2019 మార్చిలో సెనేటర్ ఎలిజబెత్ వారెన్ అమెజాన్, గూగుల్, ఫేస్‌బుక్‌లను విడగొట్టాలని ప్రతిపాదించింది. 2020 డిసెంబర్‌లో కంపెనీల మధ్య పోటీని కాపాడే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) మీద కోర్టుకు కూడా వెళ్లింది. 2012లో 100 కోట్ల డాలర్లకు ఇన్‌స్టాగ్రామ్‌నీ, 2014లో 1,900 కోట్లకు వాట్సాప్‌నీ కొన్నది పోటీని చంపడానికేనని వాదించింది. ఐదేళ్లు నడిచింది కేసు. 2025 నవంబర్‌లో జడ్జి, మెటాకు ఇప్పుడు గుత్తాధిపత్యం ఉన్నట్టు రుజువు కాలేదని కొట్టేశాడు. గెలిచినా ఏమయ్యేది? ఒక ఫేస్‌బుక్ బదులు మూడు కంపెనీలు వచ్చి, ముగ్గురూ అవే ప్రకటనల కోసం మనల్ని ఫోన్‌కి అతుక్కుపోయేలా చేయడానికి ఇంకా ఎక్కువ పోటీపడేవాళ్లు. జనానికి కోపం తెప్పించి డబ్బు చేసుకునే వ్యాపారంలో పోటీ పెరిగితే మనకు ఒరిగేది పెద్దగా ఏమీ లేదు.

మూడోది ప్రభుత్వపరం చేయడం. బ్రిటన్‌లో అప్పటి లేబర్ పార్టీ నాయకుడు జెరెమీ కార్బిన్ 2018 ఆగస్టులో బీబీసీ తరహాలో ఒక బ్రిటిష్ డిజిటల్ కార్పొరేషన్ ఉండాలన్నాడు. 2019 ఎన్నికల్లో లేబర్ పార్టీ ఇంటింటికీ ఉచిత ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తామని, బీటీ అనే టెలికాం కంపెనీలో ఆ భాగాన్ని జాతీయం చేస్తామని హామీ ఇచ్చి ఓడిపోయింది. ఇంటర్నెట్ తెచ్చే కేబుల్ వరకూ అయితే నేను ఈ దారికే ఓటు వేస్తాను. అమెరికాలోనే చాటనూగా నగరంలో స్థానిక ప్రభుత్వ విద్యుత్ సంస్థ 2010లోనే సెకనుకు గిగాబిట్ ఇంటర్నెట్ ఇచ్చింది. కేరళలో వామపక్ష ప్రభుత్వం 2023 జూన్‌లో కేఫోన్ అనే తన సొంత ఇంటర్నెట్ నెట్‌వర్క్‌ను ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ సంగతి మనకు తెలిసిందే.

కానీ కేబుల్ వేరు, దాని మీద నడిచే మాట వేరు. 2021 ఫిబ్రవరి 1న ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చుని ఉండగా, మన ప్రభుత్వం చెప్పిందని రైతుల కిసాన్ ఏక్తా మోర్చా, కారవాన్ పత్రిక ఖాతాలతో సహా దాదాపు 250 ఖాతాలూ ట్వీట్లూ ట్విట్టర్‌లో కనిపించకుండా పోయాయి. తర్వాత తెరిచారు, అది వేరే విషయం. మధ్యలో ఒక కంపెనీ ఉండగానే అంత తేలికగా జరిగితే, ఆ వేదిక నేరుగా ప్రభుత్వం చేతిలోనే ఉంటే? ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, మా పార్టీదైనా సరే, ఆ మీట చేతికి ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

ఇక నాలుగోది, మనకు మనమే కట్టుకోవడం. నా మనసు మొదటి నుంచీ దీని వైపే. అందుకే దీని తప్పులు కూడా దాచకుండా చెప్పాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. 1999 నవంబర్‌లో సియాటిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశాలకు వ్యతిరేకంగా కార్మికులు, పర్యావరణవాదులు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు పుట్టింది ఇండీమీడియా. ఎవరైనా, పేరు చెప్పకుండా కూడా, వార్త రాసి ఫోటో పెట్టొచ్చు. ఫేస్‌బుక్, ట్విట్టర్ ఇంకా పుట్టని రోజుల్లో ఆ పని చేసింది వామపక్షమే. కొన్నేళ్లలోనే పదుల దేశాలకు పాకింది. తర్వాత ఏమైంది? పూర్తిగా తెరిచిన తలుపులోంచి జాతి విద్వేషం, బూతులు, చెత్త వచ్చి పడ్డాయి, జీతం లేకుండా వాటిని ఊడ్చే కార్యకర్తలు అలసిపోయారు, ఈలోగా సులువుగా వాడుకునే కంపెనీ వేదికలు వచ్చి జనాన్ని తీసుకుపోయాయి. కట్టిన ఇంటిని రోజూ ఎవరు ఊడ్చాలి, వాళ్లకు జీతం ఎవరివ్వాలి అన్న ప్రశ్నకు మనవాళ్ల దగ్గర అప్పుడూ జవాబు లేదు.

ఇప్పటి ప్రయత్నం ట్విట్టర్ లాంటిదే అయిన మాస్టడాన్. 2016లో జర్మనీలో యూగెన్ రోచ్కో అనే యువకుడు మొదలుపెట్టాడు. ఎవరి సర్వర్ (సందేశాలను దాచి, పంపే కంప్యూటర్) వాళ్లు నడుపుకుంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు, మొత్తానికి యజమాని ఉండడు. మనవాళ్లకు దీని పేరు తెలిసింది 2019 నవంబర్‌లో, సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ మూసేసినప్పుడు. కారణాల్లో ఒకటి ఆయన పంచుకున్న ఒక హిందీ కవిత. ఆ కవిత 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరితీసిన మన భూమయ్య, కిష్టాగౌడ్‌ల కోసం రాసింది! తెలంగాణ రైతు బిడ్డల ఉరిని నిరసించిన కవితను, 44 ఏళ్ల తర్వాత ఒక అమెరికన్ కంపెనీ పక్కన పెట్టేసింది. ఆ కోపంతో వేలమంది మాస్టడాన్‌కు వెళ్లారు, నేనూ వెళ్లాను. మూడు నెలలు తిరక్కుండానే చాలామందిమి వెనక్కి వచ్చేశాం. అక్కడ తప్పేమీ లేదు, కానీ నాకు కావలసిన మనుషులు అక్కడ లేరు. మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక 2022 చివర్లో వాడకందార్లు 25 లక్షల దాకా పెరిగి, మళ్లీ తగ్గిపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటున్నాను.

2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మె చేశారు. 42 రోజులు, సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా వెనక్కి తగ్గలేదు. నాకు తెలిసిన టీచర్లకు, ఆయాలకు ఏ రోజు ఎక్కడ ధర్నా అన్న కబురంతా వాట్సాప్‌లోనే వెళ్లింది. వాళ్ల దగ్గరికి వెళ్లి "అమ్మా, అది కార్పొరేట్ యాప్, వదిలేయండి" అనడానికి నాకు నోరు రాదు. వాళ్లు వదిలేస్తే యాప్‌తోపాటు ఒకరికొకరు కూడా దూరమవుతారు.

అందుకే నా తూకం ఇలా ఉంది. కేబుల్ ప్రభుత్వానిది కావాలి. ముక్కలు చేయడం కోర్టుల్లో ఐదేళ్లు పట్టే పని, జరిగితే మంచిదే, దాని మీద ఆశ పెట్టుకోను. సొంతంగా కట్టుకోవడం అన్నిటికంటే మేలు, కానీ అది నిలబడాలంటే మొదటి దారిలోని చట్టం ఒకటి తప్పనిసరిగా తోడు కావాలి. జరిమానాలు కాదు నేనడిగేది, తలుపులు తెరిపించే చట్టం. 2011 జనవరి 20 నుంచి మన దేశమంతటా నంబర్ మారకుండా సిమ్ కంపెనీ మార్చుకోవచ్చు. ఏ కంపెనీ సిమ్ ఉన్నా ఏ కంపెనీ వాళ్లకైనా ఫోన్ చేయొచ్చు. వాట్సాప్‌కీ అదే ఎందుకు ఉండకూడదు? యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ సరిగ్గా ఈ పని చేయమంది, 2025 నవంబర్‌లో అక్కడ వేరే రెండు చిన్న యాప్‌ల వాళ్లతో సందేశాలు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటును వాట్సాప్ మొదలుపెట్టింది. రెండే యాప్‌లు, చాలా చిన్న మొదలు. కానీ అన్నేళ్లు చేయని పనిని చట్టం వచ్చాక చేశారు కదా.

అలాంటి చట్టం ఇక్కడ ఉంటే యూనియన్ తన సొంత సర్వర్ పెట్టుకోవచ్చు, సభ్యుల చందాతో దాన్ని చూసుకునే మనిషికి జీతం ఇవ్వొచ్చు, ముల్కనూరు సహకార సంఘాన్ని 1956 నుంచీ రైతులే నడుపుకుంటున్నట్టు. అంగన్‌వాడీ టీచరమ్మ తన ఫోన్లో ఏమీ మార్చుకోనక్కర్లేదు. ఆమెకు కబురు వాట్సాప్‌లోనే వస్తుంది, పంపేవాళ్ల గుంపు మాత్రం ఏ కంపెనీ మూసేయలేని చోట ఉంటుంది. మన వామపక్ష పార్టీలు వచ్చే ఎన్నికల ప్రణాళికలో ఇది ఒక్క పేరాగా అయినా రాయాలని నేను ఈ మధ్య కలిసిన ప్రతి నాయకుడినీ అడుగుతున్నాను.