లాగోస్‌లో పద్నాలుగు నెలలు: చీకటి ఇల్లు, అలసంద వడలు

ఉద్యోగరీత్యా నైజీరియాలోని లాగోస్ నగరానికి వచ్చే తెలుగువారెవరైనా అద్దె ఇంటిని పగటిపూట చూసి డబ్బు కట్టవద్దని, రాత్రి తొమ్మిది దాటాక మరొకసారి వెళ్లి ఆ వీధిలో దీపాలు వెలుగుతున్నాయో లేదో స్వయంగా చూసుకోవాలని ముందుగా మనవి చేస్తున్నాను. ఈ జాగ్రత్త తెలియక మేము చాలా నష్టపోయాము.

2023 అక్టోబరులో లాగోస్‌లోని ఇకెజా ప్రాంతంలో రెండు పడకగదుల ఇల్లు తీసుకున్నాము. ఇక్కడ నెలనెలా అద్దె కట్టే పద్ధతి దాదాపుగా లేదు. ఏడాది అద్దె మొత్తం ముందే చెల్లించాలి. అద్దె 32 లక్షల నైరాలు, దళారికి పది శాతం, ఒప్పంద పత్రానికి మరో పది శాతం, డిపాజిట్ 2 లక్షలు, వెరసి 40 లక్షల 40 వేల నైరాలు, అంటే అప్పటి లెక్కన రమారమి నాలుగు లక్షల ముప్పై వేల రూపాయలు, ఇంట్లో అడుగుపెట్టకముందే చేయి దాటిపోయాయి. ఇక్కడ విద్యుత్ లైన్లను సరఫరా గంటలను బట్టి "ఏ" (A) నుంచి "ఈ" (E) వరకు ఐదు తరగతులుగా విభజించారు. "ఏ" తరగతికి రోజుకు కనీసం 20 గంటలు, "సి" తరగతికి 12 గంటలు కరెంటు రావాలి. మా ఇల్లు "ఏ" తరగతిలోనే ఉందని దళారి ఒట్టు పెట్టి చెప్పాడు. మొదటిసారి మీటరుకు డబ్బు కట్టినప్పుడు రసీదులో చూస్తే అది "సి" తరగతి. పైగా అందరికీ కలిపి ఉన్న జనరేటరు డీజిలు ఖర్చు కింద నెలకు 85 వేలు విడిగా ఇవ్వాలన్న మాట మేము దిగాకే బయటపడింది. అడిగితే దళారి ఫోను ఎత్తడం మానేశాడు. మా ఆవిడ సంక్రాంతి దాకా బట్టలు బీరువాలో సర్దలేదు. సూట్‌కేసులోంచే తీసి కట్టుకునేది.

కరెంటు వచ్చినప్పుడు వీధి పిల్లలందరూ "అప్ నేపా!" అని ఒక్కసారిగా కేక పెడతారు. నేపా అనే ఆ పాత విద్యుత్ సంస్థ 2005లోనే పేరు మార్చుకున్నా, ఆ కేక మాత్రం మారలేదు.

ఆఫీసు ఇకెజా వైపు ఉన్నవారు, వంతెన అవతల సముద్రం వైపున్న లెక్కీ అందానికి ఆశపడి అక్కడ కాపురం పెట్టవద్దు. దాదాపు పన్నెండు కిలోమీటర్ల థర్డ్ మెయిన్‌ల్యాండ్ వంతెన మీద, ఒక శుక్రవారం సాయంత్రం లెక్కీ పక్కనే ఉన్న విక్టోరియా ఐలాండ్ నుంచి ఇల్లు చేరడానికి మాకు రెండున్నర గంటలు పట్టింది. లెక్కీలో చెట్ల నడుమ వేలాడే 401 మీటర్ల నడకదారిని చూడటానికి మాత్రం ఆదివారం పొద్దున్నే వెళ్లవచ్చు.

ఇక మమ్మల్ని ఈ ఊరితో కలిపినది మా వీధి మలుపులో పొద్దున్నే మూకుడు పెట్టే ఒక పెద్దావిడ. ఆమె వేసే అకారా చూసి మా ఆవిడ నిలబడిపోయింది. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి రుబ్బి నూనెలో వేసే ఆ వంట అచ్చంగా మన అలసంద వడే. కాకపోతే మనకంటే పలచగా రుబ్బి బాగా గిలకొడతారు కనుక లోపల దూదిలా ఉంటుంది. అప్పట్లో ఒక్కొక్కటి 100 నైరాలు ఉండేది. పులియబెట్టిన మొక్కజొన్నతో కాచే ఓగీ అనే జావతో కలిపి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. పనిలో ఉన్నవారిని చూస్తే "ఎ కూ ఇషే" అని పలకరించాలని ఆమే మాకు నేర్పింది. పనిచేసే మనిషికి చెప్పే ఈ యొరూబా (ఇక్కడి స్థానిక భాష) పలకరింపులోని మొదటి అక్షరం, మన "మీరు" లాగే పెద్దలకు ఇచ్చే గౌరవమట. ఆ మాట అన్న నాటి నుంచి మా ఆవిడకు రోజూ ఒక వడ ఎక్కువే వచ్చేది.

అదే పిండిని ఆకుల్లో పోసి ఆవిరి మీద ఉడికిస్తే మొయిమొయి. మన ఆవిరి కుడుముకు దగ్గరి చుట్టం. అయితే అందులో చేపో గుడ్డో తరచుగా కలుపుతారు కనుక, శాకాహారులు పొట్లం విప్పకముందే అడిగి తెలుసుకోవాలి.