మన పిన్‌కోడ్‌కి ఇంజనీరు వస్తాడో రాడో తేల్చుకోకుండా కొత్త డిజైన్ ల్యాప్‌టాప్ కొనకండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. బాడీ మొత్తం మార్చి కొత్తగా దింపిన ల్యాప్‌టాప్‌ని, విడుదలైన మొదటి నెలలోనే విశాఖో భువనేశ్వరో వెళ్లి కొనేద్దాం అనుకుంటున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కొత్త మోడల్ మొరాయిస్తే చిరాకు, అంతే. మనకి మొరాయిస్తే రెండు రాష్ట్రాల మధ్య తిరుగుడు.

నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు, తెలుగులోనూ ఒడియాలోనూ చేస్తాం. పాత మెషీన్ విండోస్ 10ది. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది, పైగా హార్డ్‌వేర్ పాతది కాబట్టి విండోస్ 11 ఎక్కదు. కొత్తది తప్పనిసరి. విశాఖలో ఒక పెద్ద షోరూములో అప్పుడే దిగిన మోడల్ చూపించారు. పలచటి బాడీ, కొత్త హింజ్ (మూత తిరిగే కీలు), అంచుల దాకా స్క్రీన్, బ్యాగూ మౌసూ ఫ్రీ. కంపెనీ పేరూ షోరూము పేరూ ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

డబ్బు కట్టే ముందే అడిగాను, "మాది ఒడిశా బాబూ, పర్లాకిమిడి. రిపేరు వస్తే ఎలా?" అని.

"ఆన్‌సైట్ వారంటీ సార్. ఇండియాలో ఎక్కడున్నా ఇంజనీరు ఇంటికే వస్తాడు. పర్లాకిమిడి అంటే పాతపట్నం పక్కనే కదా, మావాళ్లు రోజూ అటు వస్తూనే ఉంటారు."

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత మూత కాస్త వెనక్కి వంచితే స్క్రీన్ కింది సగం మసకబారడం, ముందుకు లాగితే మళ్లీ మామూలు కావడం మొదలైంది. పెళ్లి కార్డు మీద పసుపు రంగు సరిగ్గా పడిందో లేదో చూడటానికి మెడ వంచి మూత పట్టుకుని కూర్చోవాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పిన్‌కోడ్ అడిగారు. 761200 అని చెప్పాను. "సార్, మీది క్యారీ-ఇన్ లొకేషన్, ఆన్‌సైట్ లేదు" అన్నారు. అంటే మనమే మోసుకెళ్లాలి. పాతపట్నం పిన్‌కోడ్‌కి మాత్రం ఇంజనీరు వస్తాడట! సరిహద్దు దాటితే చాలు, ఆటోలో వెళ్లి వచ్చే ఊరు. కానీ బిల్లు మీద ఉన్నది మా ఇంటి అడ్రస్.

విశాఖ సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే, కేసు ఒడిశా రీజియన్‌లో ఓపెన్ అయింది కాబట్టి మేం ముట్టుకోలేం అన్నారు. ఆ కేసు మూయించి ఇటు మార్పించడానికి మళ్లీ ఫోన్లు. కుదరక బరంపురం వెళ్తే అక్కడి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, "భాయినా, పార్ట్ ఆసిని." పార్ట్ రాలేదు. ఎప్పుడొస్తుందో అతని కంప్యూటర్‌కీ తెలియదు. ఈలోగా ముహూర్తాల సీజన్ దాటిపోయింది. కార్డుల ఆర్డర్లు సగం పక్క షాపుకి పోయాయి.

ఆ కుర్రాడు చెప్పిన ఇంకో మాట మాత్రం నాకు బాగా అర్థమైంది. పాత డిజైన్ అయితే, మూడేళ్లుగా అదే బాడీ, అదే డిస్‌ప్లే, అదే కీబోర్డ్ కాబట్టి ఎవరో వదిలేసిన మెషీన్ నుంచి అయినా పార్ట్ దొరుకుతుంది, బయటి మెకానిక్కులకి కూడా దాని లోపలి సంగతి తెలుసు. బాడీ మారిందంటే హింజ్ మారుతుంది, హింజ్ మారితే దాంట్లోంచి వెళ్లే కేబుల్ పొడవు మారుతుంది, స్క్రూ హోల్స్ కూడా కలవవు. కంపెనీ మొదట్లో తయారుచేసిన డిస్‌ప్లేలన్నీ కొత్త ల్యాప్‌టాప్‌లలోకే పోతాయి, విడి పార్టులుగా గోడౌన్లకి వచ్చేవి తక్కువ. వచ్చిన ఆ కాసినీ ముందు పెద్ద నగరాలకి వెళ్తాయి. మన వంతు చివర.

స్క్రీన్ కేబుల్ గొడవ నాకొక్కడికే వచ్చిందేమీ కాదు. నాది యాపిల్ కాదు గానీ, ఇలాంటిదే 2016లో వాళ్లకీ జరిగింది. ఆ ఏడాది అక్టోబరులో మ్యాక్‌బుక్ ప్రోని పూర్తిగా మార్చి పలచగా దింపారు. 13 అంగుళాల మోడల్‌లో మూత తెరిచీ మూసీ చేస్తుంటే బ్యాక్‌లైట్ కేబుల్ అరిగి, స్క్రీన్ కింద స్టేజీ లైట్లు పడ్డట్టు చారలు వచ్చేవి. ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ ప్రకటించింది 2019 మేలో. మొదట్లో కొన్నవాళ్లు అప్పటికి ఎంతకాలం ఓపిక పట్టి ఉంటారో లెక్కేసుకోండి.

కీబోర్డ్ కథ ఇంకా పెద్దది. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో బటర్‌ఫ్లై కీబోర్డ్ అని కొత్తది తెచ్చారు. బాగా పలచన, నొక్కితే చప్పుడు. కాస్త దుమ్ము పడితే కీ ఇరుక్కుపోయేది, లేదా ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడేవి. ఎర్రమట్టి దుమ్ము ఎగిరే మన ఊళ్లలో దాని గతి చెప్పక్కర్లేదు. ఉచిత రిపేరు పథకం 2018 జూన్‌లో వచ్చింది. 2019 నవంబరులో 16 అంగుళాల మోడల్‌తో పాత రకం కీబోర్డ్‌కి తిరిగి వెళ్లడం మొదలుపెట్టి 2020లో పూర్తి చేశారు. అమెరికాలో దీని మీద నడిచిన కేసు 2022లో 5 కోట్ల డాలర్లకి సర్దుబాటు అయింది. అది అక్కడి కొనుగోలుదారులకి, మనకి కాదు.

ఒక్క యాపిల్‌నే ఆడిపోసుకోవడం అన్యాయం. 2011 జనవరిలో ఇంటెల్ కొత్త తరం ప్రాసెసర్లతో పాటు తెచ్చిన చిప్‌సెట్‌లో (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్‌లో) లోపం ఉందని, హార్డ్ డిస్క్ తగిలించే కొన్ని పోర్టులు కాలక్రమేణా దెబ్బతింటాయని, అదే నెలాఖరుకి ఇంటెలే ఒప్పుకుని సరఫరా ఆపేసింది. చిప్ తయారీదారుకే నెల తిరిగేదాకా తెలియనిది షోరూము సేల్స్‌మన్‌కి ఏం తెలుస్తుంది?

డబ్బు సంగతి కూడా చూడండి. 2022లో యాపిల్ సొంత ఎం2 చిప్‌తో, కొత్త డిజైన్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ మన దేశంలో 1,19,900 రూపాయలకి మొదలైంది, 8 జీబీ ర్యామ్‌తో. పైగా 256 జీబీ మోడల్‌లో స్టోరేజీకి రెండు చిప్‌ల బదులు ఒక్కటే పెట్టారు, దాంతో దాని వేగం అంతకు ముందరి ఎం1 కంటే తగ్గింది. 2024 మార్చిలో వచ్చిన ఎం3లో మళ్లీ రెండు చిప్‌లు పెట్టారు. అదే ఏడాది అక్టోబరు చివర ఎం2కే ర్యామ్ 16 జీబీ చేసి 99,900కి అమ్మారు. అంటే మొదట్లో ఎగబడి కొన్నవాళ్లు 20 వేలు ఎక్కువిచ్చి సగం ర్యామ్ తీసుకున్నట్టు. ర్యామ్ బోర్డుకి అతికించే ఉంటుంది, తర్వాత వేయించుకునే వీలు లేదు. ఈ మధ్య పలచగా వచ్చే విండోస్ మోడల్స్ చాలావాటిలోనూ అంతే.

గుణుపురంలో మా స్నేహితుడిది ఇంకో బాధ. అతను బ్యాంకు సర్వీస్ పాయింట్ నడుపుతాడు. వేలిముద్ర యంత్రం లేకపోతే అతని పని సున్నా. బ్యాటరీ రోజంతా వస్తుందని ఏఆర్ఎమ్ చిప్ (ఫోన్లలో ఉండే రకం) ఉన్న కొత్త విండోస్ ల్యాప్‌టాప్ అంటగట్టారు అతనికి. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌తో ఈ రకం 2024 జూన్ 18 నుంచి అమ్మకానికి వచ్చాయి. బ్యాటరీ మాట నిజమే, బాగా వస్తుంది. మామూలు సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు నడుస్తాయి, ఎందుకంటే పాత రకం ప్రోగ్రాములని విండోస్ లోపల్లోపల తర్జుమా చేసి నడిపిస్తుంది. కానీ డ్రైవర్లకి, అంటే తగిలించిన యంత్రాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాములకి, ఆ సదుపాయం లేదు. వేలిముద్ర యంత్రం, పాత ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్, డీటీపీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి తగిలించే డాంగిల్, ఏదైనా సరే సొంత డ్రైవర్ కావాలంటే ఆ డ్రైవర్‌ని ఏఆర్ఎమ్ కోసమే రాసి ఉండాలి. అతని యంత్రానికి అలాంటిది లేదు. షాపువాడు "అప్‌డేట్ వస్తుందన్నయ్యా" అన్నాడు. చివరికి ఆ ల్యాప్‌టాప్ ఇంట్లో పిల్లలు వీడియోలు చూడటానికి పనికొస్తోంది, పాయింట్‌లో మళ్లీ పాత డబ్బాయే.

పోస్టర్ మీద పెద్దక్షరాలతో వేసిన ఫీచర్ కొన్న రోజు ఉండకపోవచ్చు కూడా. ఆ 2024 మోడల్స్‌కి ముఖ్య ఆకర్షణ అని చెప్పిన రీకాల్ అనే ఫీచర్ (స్క్రీన్ మీద చేసినవన్నీ ఫొటోలుగా దాచి తర్వాత వెతికిపెట్టేది), భద్రత మీద విమర్శలు రావడంతో విడుదలకి కొద్ది రోజుల ముందు వాయిదా పడింది. మామూలు జనానికి చేరింది 2025 ఏప్రిల్‌లో. అది లేనందువల్ల ఎవరికీ నష్టం లేదనుకోండి, అది వేరే విషయం.

ఇదంతా విని "అయితే ఏడాది ఆగుతాను, ధర తగ్గుతుంది" అనేవాళ్లకి ఒక మాట. ధర కోసమే అయితే ఈసారి ఆ లెక్క తప్పొచ్చు. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు మండిపోతున్నాయి, ఏఐ డేటా సెంటర్లు ఉన్న సరుకంతా ఎత్తుకుపోతున్నాయి. మైక్రాన్ లాంటి కంపెనీయే మామూలు జనానికి ర్యామ్ అమ్మే క్రూషియల్ బ్రాండ్‌ని మూసేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి అవసరం ఉన్నవాళ్లు కొనుక్కోవాల్సిందే. నేను వద్దంటున్నది కొత్త బాడీని. పాత బాడీలో కొత్త చిప్ పెట్టి వచ్చినదైతే నాకు పెద్దగా భయం లేదు. 2020 నవంబరులో ఎం1 ఎయిర్ అలాగే వచ్చింది, బయట అంతా పాతదే, లోపల చిప్ మారింది. ఇప్పటికీ వాడుతున్నవాళ్లు ఉన్నారు. లేదంటే ఏడాది క్రితం డిజైన్ మార్చిన మోడల్‌కి ఈ ఏడాది వచ్చిన రెండో వెర్షన్ తీసుకోండి. మొదటిదానిలో బయటపడ్డ తప్పులు ఈపాటికి దిద్ది ఉంటారు, పార్టులూ తిరుగుతుంటాయి.

అయినా కొత్తదే కావాలంటే డబ్బు కట్టే ముందు షాపులోనే నిలబడి కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. సేల్స్‌మన్‌ని అడిగి లాభం లేదు. మోడల్ నంబరు, మీ పిన్‌కోడ్ చెప్పి, ఆన్‌సైటా క్యారీ-ఇన్నా అడగండి. వాళ్లు చెప్పింది మెయిల్‌లో పంపమనండి. మీ పని యంత్రాలు, అంటే ప్రింటర్, డాంగిల్, వేలిముద్ర యంత్రం, మీతో పట్టుకెళ్లి అక్కడే తగిలించి చూడండి. సిగ్గుపడకండి, డబ్బు మీది. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, రీప్లేస్‌మెంట్ గడువు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి ఆ గడువులోనే మూత వందసార్లు తెరిచి మూసి, అన్ని కోణాల్లో స్క్రీన్ చూసి, ఒక పూటంతా బరువైన పని పెట్టి నడపండి. కొత్త మోడల్‌కి మొదట్లో బయోస్ (మెషీన్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్లు తరచూ వస్తాయి. మన కరెంటు సంగతి తెలిసిందే కదా, బ్యాటరీ నిండా ఉన్నప్పుడే, చార్జర్ పెట్టి మరీ వాటిని వేసుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకి: బిల్లు విశాఖది కాబట్టి కేసు విశాఖలోనే వేయాలని ఎవరైనా అంటే నమ్మకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే, లేదా పనిచేసే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. "మీరు షాపు కోసం కొన్నారు, మీరు వినియోగదారుడు కాదు" అని కూడా బెదిరిస్తారు. సొంతంగా పనిచేసుకుని పొట్టపోసుకోవడానికే కొన్నదైతే ఆ మాట చెల్లదు, చట్టంలోనే ఆ మినహాయింపు రాసి ఉంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నేను అదే చేశాను. నంబరు వచ్చాక కంపెనీ వాళ్ల గొంతు కొంచెం మెత్తబడింది. పార్ట్ మాత్రం ఇంకా రాలేదు.

రాయగడ, కొరాపుట్, జయపురం వైపు ఏ కంపెనీ ఇంజనీరైనా నిజంగా ఇంటికి వచ్చి బాగుచేసి వెళ్లిన అనుభవం ఉంటే మోడల్, పిన్‌కోడ్ రాయండి. మా షాపుకి రెండో మెషీన్ కొనాల్సి ఉంది, ఈసారి బ్రాండ్ దాన్ని బట్టే.