రాత్రి 7 గంటల స్లాట్‌కు ఏది మేలు: డిబేటా, జిల్లా బులెటినా?

తెలుగు న్యూస్ చానల్‌లో ఖర్చు తగ్గించాలన్న మాట రాగానే మొదటి వేటు జిల్లా రిపోర్టర్ మీద పడుతుంది. ఆ రిపోర్టర్ నింపే అరగంటలో నలుగురు అతిథులతో చర్చ వచ్చి కూర్చుంటుంది. 2003లో ఈటీవీ2, 2004లో టీవీ9 మొదలైనప్పుడు పోటీ వార్త ఎవరు ముందు తెస్తారన్న దాని మీదే ఉండేది. 2007 నుంచి 2009 లోపు ఎన్టీవీ, టీవీ5, సాక్షి, ఏబీఎన్ కూడా వచ్చేశాక అందరి కెమెరాలూ ఒకే ప్రెస్‌మీట్ ముందు నిలబడుతున్నాయి. రేటింగుల్లో మొదటి రెండు స్థానాల్లో లేని చానల్‌కు ఈ స్లాట్‌లో జిల్లా బులెటినే మేలు. అయితే అది నిలబడాలంటే కొన్ని షరతులున్నాయి. డిబేట్ నిజంగా గెలిచే సందర్భాలూ ఉన్నాయి.

ముందు రేటింగ్ సంగతి. టీవీ రేటింగులు లెక్కించే సంస్థ బార్క్ ఇచ్చే ప్రధాన అంకె సగటు నిమిషపు ప్రేక్షకులు, అంటే ఒక్కో నిమిషంలో సగటున చూస్తున్నవాళ్ల సంఖ్య. గంట కార్యక్రమాన్ని లక్ష మంది తలా 12 నిమిషాలు చూస్తే ఆ అంకె 20 వేలు. రెండు లక్షల మంది తలా 6 నిమిషాలు చూసినా 20 వేలే. డిబేట్ మొదటి రకం: తక్కువ మంది, ఎక్కువసేపు. జిల్లా బులెటిన్ రెండో రకం: తమ ఊరి వార్త కోసం వచ్చి, అది అయిపోగానే చానల్ మార్చేవాళ్లే ఎక్కువ. గురువారం వచ్చే షీట్‌లో ఒక్క కాలమే చూస్తే రెండూ సమానంగా కనిపిస్తాయి. రీచ్ (మొత్తం ఎంతమంది చూశారన్నది), ఒక్కో ప్రేక్షకుడు గడిపిన సమయం విడివిడిగా చూడాలి. డెయిరీలు, చిట్‌ఫండ్‌లు, బంగారం షాపుల లాంటి లోకల్ ప్రకటనదారులకు కావాల్సింది రీచ్. సేల్స్ టీమ్ ఈ విషయం చెప్పగలిగితే బులెటిన్ తన ఖర్చు తానే లాక్కొస్తుంది.

ఇక శాంపిల్. దేశం మొత్తం మీద, ఏ చానల్ చూస్తున్నారో నమోదు చేసే మీటర్లున్న ఇళ్లు 50 వేలకు పైగా ఉంటాయి. మన రెండు రాష్ట్రాలూ బార్క్ లెక్కలో ఒకే మార్కెట్. మన వాటాకు 3 వేల ఇళ్లు వచ్చాయనీ, ఒక నిమిషంలో వాటిలో 1 శాతం మీ చానల్ చూస్తున్నాయనీ అనుకుందాం. అంటే 30 ఇళ్లు. అంత చిన్న లెక్కలో 11 ఇళ్లు అటూఇటూ కావడం యాదృచ్ఛికంగానే జరిగిపోతుంది. అంటే ఈ వారం 22, వచ్చే వారం 38 వచ్చినా కార్యక్రమంలో ఏమీ మారకపోయి ఉండొచ్చు. ఆ తేడా చూసి యాంకర్‌ను మార్చడం, బ్యూరో ఎత్తేయడం గాలివాటంగా తీసుకునే నిర్ణయాలే.

రేటింగులు తారుమారు చేశారన్న ముంబై టీఆర్‌పీ కేసు తర్వాత 2020 అక్టోబర్‌లో ఆగిన న్యూస్ రేటింగులు 2022 మార్చిలో నాలుగు వారాల సగటు పద్ధతితో తిరిగొచ్చాయి. ఈ పద్ధతిలో కొత్త కార్యక్రమం మొదటి వారం అంకెలో కనిపించేది పావు వంతే. మిగతా ముప్పావు పాత కార్యక్రమానిది. పూర్తి బొమ్మ వచ్చేది ఐదో వారం గురువారానికి. రెండో వారానికే ‘వర్కవుట్ కాలేదు’ అని తీర్పు చెప్పేవాళ్లు చూస్తున్నది చాలావరకు తీసేసిన కార్యక్రమపు అంకెనే. మరో సంగతి: రేటింగ్ పడిపోవడానికి కంటెంట్ కారణం కాకపోవచ్చు. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్, 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని చానళ్లు కేబుల్‌లో రాకుండా పోయాయి. కాబట్టి అంకె తగ్గగానే ముందు డిస్ట్రిబ్యూషన్ టీమ్‌ను అడగాలి. ఏ ఎంఎస్‌ఓ (పెద్ద కేబుల్ ఆపరేటర్) దగ్గర చానల్ నంబర్ మారింది, ఎక్కడ ఆగింది అని. తర్వాత ఎంసీఆర్‌లో (ప్రసారం బయటికి వెళ్లే కంట్రోల్ రూమ్‌లో) వాటర్‌మార్క్ పెట్టే ఎన్‌కోడర్ సరిగ్గా ఉందో లేదో చూడాలి. మీటర్ చానల్‌ను గుర్తుపట్టేది ఆడియోలోని ఆ గుర్తుతోనే.

మనుషుల లెక్కకు వద్దాం. డిబేట్‌కు యాంకర్, ప్యానెల్ ప్రొడ్యూసర్, గెస్ట్ కోఆర్డినేటర్, పీసీఆర్ (స్టూడియో కంట్రోల్ రూమ్) సిబ్బంది చాలు. ఫీల్డ్ ఖర్చు దాదాపు సున్నా. అది చౌక అన్న మాట నిజమే. కానీ దాని బలహీనతంతా ఒక్కచోటే ఉంది: అతిథి. సాయంత్రం 5 దాకా ఖాయమైన ప్యానెల్ 6.30కి కూలిపోతుంది. ఏదో ఒక పార్టీ చానల్‌ను బహిష్కరిస్తే ఆ వైపు కుర్చీ నెలల తరబడి ఖాళీ. అందుకే నలుగురు కావాలంటే ఆరుగురిని పిలవాలి. వాళ్లలో కనీసం ఇద్దరు పార్టీలతో సంబంధం లేనివాళ్లు కావాలి: రిటైర్డ్ ఇంజినీర్, లాయర్, రైతు సంఘం మనిషి.

సాంకేతికంగా డిబేట్‌ను చెడగొట్టేది ఎకో. వీడియోకాల్‌లో ఉన్న అతిథికి ఆయన గొంతే తిరిగి వినిపిస్తే రెండో వాక్యానికే తడబడతాడు. ఒక్కో అతిథికీ ఆయన గొంతు తీసేసిన ఆడియో మాత్రమే వెనక్కి పంపాలి. నలుగురు కాలర్లుంటే నాలుగు వేర్వేరు మిక్స్‌లన్నమాట. కన్సోల్‌లో అన్ని ఆగ్జ్ అవుట్‌పుట్‌లు (విడివిడి మిక్స్‌లు బయటికి పంపే దారులు) లేకపోతే నాలుగో అతిథిని స్టూడియోకే పిలవండి. అతిథి ఇంట్లో టీవీ మ్యూట్ చేయించాలి, ఇయర్‌ఫోన్ పెట్టుకోమనాలి. 2021లో ఒక తెలుగు డిబేట్‌లో ఒక అతిథి మరో అతిథిని లైవ్‌లోనే చెప్పుతో కొట్టాడు. ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేసే డిలే, అవసరమైతే కట్ చేసే బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునే మనిషి లేకుండా లైవ్ చర్చ నడపకూడదు.

జిల్లా బులెటిన్‌లో పని వేరు, శ్రమ ఎక్కువ. నిబంధన ప్రకారం గంటకు 12 నిమిషాలే ప్రకటనలు, ప్రోమోలు. అంటే అరగంటలో వార్తలకు మిగిలేది 24 నిమిషాలు. హెడ్‌లైన్స్‌కూ ముగింపుకూ నిమిషంన్నర. ప్యాకేజీ (రిపోర్టర్ గొంతుతో పూర్తిగా తయారైన వార్త) 90 సెకన్లు, దానికి ముందు యాంకర్ చదివే లీడ్ 15 సెకన్లు అనుకుంటే, ఎనిమిది ప్యాకేజీలకు 14 నిమిషాలు. మిగతా ఎనిమిదిన్నర నిమిషాల్లో 40 సెకన్ల చొప్పున, యాంకర్ చదువుతుంటే దృశ్యాలు కనిపించే 12 విజువల్ వార్తలు. మొత్తం ఇరవై. తెలంగాణలో 2016లో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 నుంచి 26. ఏ ఒక్క రోజూ అన్ని జిల్లాలనూ చూపించలేం. కాబట్టి రన్‌డౌన్ (బులెటిన్‌లో వార్తల వరస పట్టిక) పక్కనే వారపు చార్టు పెట్టుకుని, ప్రతి జిల్లా వారంలో కనీసం రెండుసార్లు వచ్చేలా చూడాలి. ఆ చార్టు లేకపోతే బులెటిన్ మెల్లమెల్లగా హైదరాబాద్, విజయవాడ, విశాఖ వార్తలుగా మారిపోతుంది.

రన్‌డౌన్‌ను జిల్లా వరసలో పేర్చడం అన్నిటికంటే పెద్ద తప్పు. శ్రీకాకుళం వార్తతో మొదలుపెట్టి కిందికి దిగితే, తనకు సంబంధం లేదనుకున్న కర్నూలు ప్రేక్షకుడు మొదటి రెండు నిమిషాల్లోనే వెళ్లిపోతాడు. విషయం వరసలో పేర్చాలి. యూరియా కొరత మూడు జిల్లాల్లో ఉంటే ఆ మూడింటినీ ఒకే కట్టగా, ఆ తర్వాత ఆస్పత్రులు, ఆ తర్వాత రోడ్లు. అప్పుడు ఊరు వేరైనా సమస్య తనదేనని ప్రేక్షకుడు ఆగుతాడు.

విజువల్స్ దగ్గర ఎప్పుడూ వచ్చే చిక్కులు రెండు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోయి టీవీలో మసకగా కనిపిస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఫోన్ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేముల్లో, అదీ మారుతూ ఉండే వేగంతో తీస్తుంది. మన ప్రసారం 25 మీద నడుస్తుంది. నేరుగా టైమ్‌లైన్‌లో వేస్తే కదలిక కుదుపుగా వస్తుంది, పొడుగు బైట్‌లో (ఒకరు మాట్లాడే క్లిప్‌లో) పెదాలకూ మాటకూ పొత్తు తప్పుతుంది. కెమెరా యాప్‌లో 25 పెట్టించాలి. కుదరకపోతే ఎడిటింగ్‌కు ముందే స్థిరమైన 25కి మార్చాలి. స్క్రిప్టు, విజువల్స్ అందే గడువు సాయంత్రం 4. అయిదున్నరకు వచ్చింది రేపటి వార్త.

అసలు ప్రశ్న ఇక్కడుంది: ఈ వార్తలు తెచ్చేది స్టాఫ్ రిపోర్టరా, స్ట్రింగరా? స్ట్రింగర్‌కు వార్త లెక్కన డబ్బు. కాబట్టి రెండు రోజులు తిరిగితేగానీ తేలని వార్త కంటే రోజుకు మూడు ప్రమాదాలు, రెండు ధర్నాలు పంపడమే అతనికి గిట్టుబాటు. పైగా పండగలకు, స్వాతంత్ర్య దినోత్సవానికి ప్రకటనల టార్గెట్ కూడా అతని నెత్తినే పెడతారు. నిన్న ప్రకటన ఇచ్చిన కాంట్రాక్టర్ వేసిన రోడ్డు గురించి ఇవాళ వార్త రాయమంటే ఎలా రాస్తాడు? అది అతని తప్పు కాదు, పెట్టిన పద్ధతే తప్పు. స్ట్రింగర్లను కొనసాగిస్తూనే, ప్రతి పాత ఉమ్మడి జిల్లాకూ జీతమున్న ఒక రిపోర్టర్, ఒక కెమెరామన్ ఉండాలి. అది తక్కువలో తక్కువ. స్ట్రింగర్‌కు నెలకు కొంత స్థిరమైన మొత్తం, పరిశోధన వార్తకు వేరే రేటు ఇచ్చి, ప్రకటనల పని పూర్తిగా తీసేయాలి. డిజిటల్, ఎలక్ట్రానిక్ మీడియాలో పనిచేసేవారిని కూడా వర్కింగ్ జర్నలిస్టులుగా గుర్తించే కార్మిక కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నియామక పత్రాలు రాసే ముందు హెచ్‌ఆర్ దాన్ని చదవాలి.

మూడో దారి వీ6 తీన్మార్ వార్తల లాంటి మాండలిక వ్యంగ్య బులెటిన్. జనం ఇష్టంగా చూశారు. కానీ దాని బలం సెట్టులో లేదు, ఆ యాసలో పుట్టి పెరిగి రోజూ రాయగలిగిన రచయితల్లో ఉంది. అలాంటివాళ్లు ముగ్గురు దొరకనిదే మొదలుపెట్టకండి.

డిబేట్ గెలిచేది ఎన్నికల నోటిఫికేషన్ నుంచి ఫలితాల వారం దాకా, అసెంబ్లీ సమావేశాల్లో, పెద్ద కోర్టు తీర్పు వచ్చిన రోజున. అప్పుడు రాష్ట్రమంతటికీ ఒకే ప్రశ్న ఉంటుంది, జనం ఎక్కువసేపు కూర్చుంటారు. మామూలు రోజుల్లో ఇంటికి ఒకటే టీవీ ఉన్నచోట 7 నుంచి 9.30 దాకా రిమోట్ సీరియళ్ల చేతిలో ఉంటుంది. వాటి మధ్య విరామాల్లో వచ్చి వెళ్లేవాడికి 90 సెకన్ల వార్త అందుతుంది, సగంలో ఉన్న వాదన అందదు. అందుకే 7కు జిల్లా బులెటిన్ పెట్టి, డిబేట్‌ను సీరియళ్లు ముగిశాక 9.30కి, గంట కాకుండా 40 నిమిషాలకు జరపడం మంచిది. ఆ రోజు బులెటిన్‌లోని పెద్ద వార్తే చర్చాంశం కావాలి. అప్పుడు యాంకర్ చేతిలో సొంత విజువల్స్, సొంత పత్రాలు ఉంటాయి.

మార్చేటప్పుడు ముందు నాలుగు వారాల అంకెలు పక్కన పెట్టుకోండి. తర్వాత ఎనిమిది వారాలు యాంకర్‌నూ, సమయాన్నీ, సెట్టునూ కదిలించకండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. బులెటిన్‌లోని ప్రతి వార్తనూ జిల్లా, మండలం పేరు శీర్షికలో పెట్టి యూట్యూబ్‌లో విడిగా ఎక్కించండి. శాటిలైట్ చానల్ అందరికీ ఒకే ఫీడ్ ఇస్తుంది గనుక ఏ జిల్లావాళ్లు ఏ వార్త దగ్గర ఆగుతున్నారో బార్క్ షీట్‌లో కనిపించదు. ఆ క్లిప్పుల్లో సగటు వీక్షణ సమయం కొంతవరకు చెబుతుంది. అయిదో వారం షీట్‌లో రీచ్ పెరిగి సమయం తగ్గితే బులెటిన్ సరైన దారిలోనే ఉన్నట్టు. రెండూ తగ్గితే మొదట సరిచూడాల్సింది రన్‌డౌన్ వరస.